బూడిదరంగు చుక్క

ఫిబ్రవరి 5

మా ఆవిడ వెళ్ళి పదకొండు రోజులైంది. వాళ్ళ అన్నయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది, చూసుకోవడానికి మనిషి కావాలి. అడిగినవాళ్ళందరికీ అదే చెబుతున్నాను. అబద్ధమేం కాదు, ఆపరేషన్ నిజంగానే అయింది. కాకపోతే పోయినేడాది అయింది.

డైరీ రాసే అలవాటు నాకు లేదు. కొత్త సంవత్సరానికి స్కూల్లో స్టాఫందరికీ పంచారు, అప్పట్నుంచీ అల్మరాలో పడుంది. మాట్లాడ్డానికి ఇంట్లో మనిషి లేనప్పుడు కాగితమైనా ఉండాలి కదా. మనిషి లేదని కాదు, అమ్మాయి ఉంది. పదో తరగతి. పరీక్షలు నెత్తిమీదున్నాయి. పొద్దున నా స్కూటర్ మీద నాతోనే స్కూలుకొస్తుంది, సాయంత్రం స్నేహితురాలితో బస్సులో వచ్చేస్తుంది. నాతో మాట్లాడేది రోజు మొత్తమ్మీద పట్టుమని పది మాటలుండవు. "ఊఁ", "తిన్నాను", "బస్సులో వెళ్తా". అంతే.

దీన్ని నా టేబుల్ మీదే పెడతాను. ఆవిడ కుట్టుమిషన్ డ్రాయర్లో పచ్చదారం ఉండ ఉంటే, జానెడు ముక్క తెంపి, రాసిన పేజీకి అడ్డంగా పెట్టి మూస్తున్నాను. ఎవరైనా తెరిస్తే దారం జారుతుంది, నాకు తెలుస్తుంది. అనుమానం కాదు, జాగ్రత్త. సాయంత్రం నేను వచ్చేలోపు గంటసేపు అమ్మాయి ఒక్కతే ఉంటుంది ఇంట్లో. ఆ వయసులో ఎవరి చెయ్యీ ఊరుకోదు.

ఫిబ్రవరి 6

పిల్లలు మళ్ళీ కన్నం వేశారు.

కంప్యూటర్ ల్యాబులో ఫిల్టరు పెట్టింది నేనే. ఆటలు, సినిమాలు, కబుర్ల సైట్లు ఏవీ తెరుచుకోవు. తెరవబోతే తెల్లటి తెర మీద ఎర్ర అక్షరాలతో "ఈ పేజీకి అనుమతి లేదు" అని వస్తుంది. ఆ వాక్యం కూడా నాదే. అయితే భాషల టీచరు ప్రాణం తీస్తే పోయిన నెల అనువాదాల సైటు ఒక్కటి వదిలాను. ఈ వెధవలు ఏం చేశారంటే, ఆటల సైటు అడ్రసు తీసుకెళ్ళి దాన్లో పెట్టి, ఆ పేజీ మొత్తాన్ని వేరే భాషలోకి మార్చమంటున్నారు. అది బుద్ధిగా మార్చి చూపిస్తోంది. నా ఫిల్టరుకి మాత్రం వాళ్ళు అనువాదం నేర్చుకుంటున్నట్టే కనబడుతుంది. ఎనిమిదో తరగతి మొత్తం ముక్క అర్థంకాని భాషలో మ్యాచి స్కోర్లు చూస్తోంది. ఒకడికైతే ఆ భాషలో వంద దాకా అంకెలొచ్చేశాయి. భాషల టీచరు ఏడాదంతా చెప్పినా పది దాటనివాడు.

నవ్వొచ్చింది. నవ్వుకుని బ్లాక్ చేసేశాను.

వరండాలో వెళ్తుంటే వెనక నుంచి "తాళంకప్ప వెళ్తోందిరోయ్" అని వినబడింది. స్కూల్లో నా పేరది. నాకేం కోపం రాలేదు. వీళ్ళు పెద్దయ్యాక తెలుస్తుంది, ఎవరు ఎందుకు చేశారో.

ఫిబ్రవరి 9

దారం ఉన్నచోటే ఉంది.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఆవిడ ఫోన్ చేసింది. నాకు కాదు, అమ్మాయికి. అది గంటసేపు మేడ మీద అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడి, కిందికొచ్చి ఫోన్ నా చేతికిచ్చింది. "అమ్మ నీతో మాట్లాడుతుందట."

"బాగున్నారా?" అంది ఆవిడ.

"ఆఁ. ఎప్పుడొస్తున్నావ్?"

"దాని పరీక్షలు అవనీండి."

"అయ్యాక?"

"అయ్యాక అది చెబుతుంది. అది రమ్మంటే వస్తాను, లేదంటే అదే ఇక్కడికొస్తుంది. మీరు మారారో లేదో దగ్గరుండి చూసేది అదే కదా. మీ మాట నేను నమ్మలేనండీ. దాని మాట నమ్ముతాను."

"అంటే నా మీద దాన్ని కాపలా పెట్టావన్నమాట."

"కాపలాలు పెట్టడం నాకు చేతకాదు" అని పెట్టేసింది.

సరే, ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి రాస్తున్నాను. ఆవిడ ఫోనుకొచ్చే మెసేజీలు నా కంప్యూటర్లో కూడా కనబడేట్టు పెట్టుకున్నాను. పద్నాలుగు నెలలు. ఎప్పుడు ఏ అవసరం పడుతుందో అని. అందులో తప్పుడు మాట ఒక్కటి కూడా లేదు, ఆ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. ఓసారి వాళ్ళక్కకి రాసింది, ఈయన గురకకి పాత మోటారు పంపు పక్కన పడుకున్నట్టుందే అని. మూడు వారాల తర్వాత ముగ్గురం భోజనానికి కూర్చున్నప్పుడు, నాకు అదెక్కడ చదివానో గుర్తులేక, "మోటారు పంపుకి ఇంకాస్త కూర వెయ్యి" అన్నాను. సరదాగానే అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున గుమ్మంలో, ఆవిడ చేతిలో సంచి ఉండగా, అమ్మాయి ఎదురుగా మాటిచ్చాను. ఇంక ఎవరిదీ ఏదీ దొంగతనంగా చదవనని. ఆ మాట మీదే ఉన్నాను.

ఫిబ్రవరి 13

పదో తరగతికి సైన్సు ప్రాజెక్టు ఒకటుంది. మొక్కల వేళ్ళు నీటిని ఎలా పీలుస్తాయి అని. స్కూలు వాళ్ళ సొంత సైట్లోనే ఒక పేజీ ఇచ్చారు, దాన్లో అందరూ ఒకేసారి రాయొచ్చు. ఒక్కొక్కరి అక్షరాలు ఒక్కో రంగులో వస్తాయి. నిన్నటి లెక్క చూస్తే ఆ పేజీని ఒక్కరోజులో నాలుగువందల పన్నెండుసార్లు తెరిచారు. వేళ్ళ మీద అంత ప్రేమ ఎప్పట్నుంచో.

ఇవాళ ఆఖరి పీరియడ్లో, వాళ్ళు ల్యాబులో ఉండగా, నా అద్దాల గదిలోంచి తెరిచాను. పైన వేరు బొమ్మ, నాలుగు పేరాలు. కిందికి జరుపుకుంటూ పోతే ఏడెనిమిది ఖాళీ పేజీలు. వాటి కింద సంత. రంగురంగుల్లో కబుర్లు వచ్చి పడుతున్నాయి. గంట కొట్టగానే ఎవరో మొత్తం తుడిచేశారు. మళ్ళీ వేరు బొమ్మ, నాలుగు పేరాలు.

మెచ్చుకోవాలి. వేరే ఎక్కడ మాట్లాడుకున్నా నా ఫిల్టరు పట్టుకునేది. స్కూలు సొంత పేజీని స్కూలెందుకు అడ్డుకుంటుంది.

పదకొండో నంబరు మిషన్ దగ్గర అమ్మాయి కూర్చుంది. అద్దంలోంచి దాని వేళ్ళు కదలడం కనబడుతోంది, వేళ్ళు కదిలినప్పుడల్లా నా తెర మీద వంకాయరంగు మాటలు పడుతున్నాయి.

ప్రిన్సిపల్ మేడమ్‌కి చెప్పాలి. చెప్పేముందు ఎవరెవరు ఉన్నారో తేలాలి కదా, ఊరికే వేలెత్తి చూపిస్తే ఎలా. రెండు రోజులు చూస్తాను.

ఇది చదవడం కిందికి రాదు. ఉద్యోగం.

ఫిబ్రవరి 15

రెండు రోజులు సరిపోవు.

ఫిబ్రవరి 16

ఇవాళ అది రాసింది, "మళ్ళీ గుడ్లే. మా నాన్న కోడిని గానీ చేసుకున్నాడా అని డౌటు." గదిలో ఒక్కణ్ణీ పగలబడి నవ్వి, అద్దం అవతల పిల్లలు తలలెత్తితే దగ్గుగా మార్చాను.

ఇంట్లో పది మాటలు మాట్లాడని పిల్ల అక్కడ గలగలా మాట్లాడుతుంది. అందర్నీ ఆటపట్టిస్తుంది. పసుపురంగు దాని స్నేహితురాలు, పొట్టిగా గుండ్రంగా ఉంటుంది, బటన్ అంటారు. ఎరుపురంగు వాడి నోరు ఎప్పుడూ మూతపడదు, వాడికి సైలెన్సర్ అని పేరు పెట్టింది మా అమ్మాయే. దాన్ని వాళ్ళు చిన్నతాళం అంటారు. నా మూలంగా. అది కూడా నవ్వి ఊరుకుంటుంది.

సాయంత్రం కూరగాయలు తెచ్చి వండాను. రెండుసార్లు వేయించుకుంది. చెయ్యి కడుక్కుంటూ, "గుడ్లు అయిపోయాయా నాన్నా?" అంది.

"ఎప్పుడూ అవే అంటే నీకూ విసుగు కదా."

"ఓహో" అంది. కాసేపు నా మొహం వైపు చూసింది.

తండ్రికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది పిల్లకి ఏం కావాలో.

ఫిబ్రవరి 19

లెక్కల్లో త్రికోణమితి బుర్రకెక్కడం లేదని బటన్‌కి రాసింది. ఇంటికెళ్తూ ఒక గైడు కొని దాని టేబుల్ మీద పెట్టాను. ఏమీ అనలేదు. గైడు పెట్టినచోటే ఉంది, ముట్టుకోలేదు.

ఫిబ్రవరి 21

మధ్యలో పసుపురంగు, "ఎవరో ఉన్నారు" అని రాసి వెంటనే చెరిపేసింది. అందరూ ఒక్కసారిగా వేరు బొమ్మ దగ్గరికెళ్ళిపోయారు. తలెత్తి చూస్తే గుమ్మంలో అటెండరు సర్క్యులర్ పట్టుకుని నిలబడున్నాడు. అదీ సంగతి. నన్ను చూసే అవకాశమే లేదు, నేను పిల్లల ఖాతాలోంచి కాకుండా బయట నుంచి తెరుస్తాను, పేరు పడదు.

దారం ఉన్నచోటే ఉంది.

ఫిబ్రవరి 23

తుడిచేసేలోపు కాగితం మీదకి ఎక్కించాను, మాట పోకుండా.

ఎరుపు: తాళంకప్ప ఇంట్లో ఎలా ఉంటాడ్రా. అన్నం ముందు కూర్చుంటే ఎర్రక్షరాలొస్తాయా, ఈ కూరకి అనుమతి లేదని.

పసుపు: ఒరేయ్, అది ఇక్కడే ఉంది.

వంకాయ: ఉంటే ఏంటి. మా నాన్నకి అన్నీ తొంగిచూసే జబ్బుండేది. ఇప్పుడు లేదు. అమ్మకి మాటిచ్చాడు.

ఎరుపు: మాటలదేముంది.

వంకాయ: మా నాన్న మాటిస్తే నిలబడతాడు.

ఎరుపు: పందెమా?

వంకాయ: పందెమే.

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఈ పదహారేళ్ళ సంసారంలో నా గురించి ఎవరూ ఇంత మంచి మాట అనలేదు, నా మొహాన అసలే అనలేదు. అద్దంలోంచి దాని జడ కనబడుతోంది, నేరుగా వీపు మీదకి. లేచి వెళ్ళి తల నిమరాలనిపించింది. ఏమని చెప్పి నిమురుతాను.

ఆపేస్తాను. అంత నమ్మకం పెట్టుకున్న పిల్ల దగ్గర ఇది పద్ధతి కాదు. సోమవారం ఒక్కసారి చూసి ఆపేస్తాను.

ఫిబ్రవరి 26

చూశాను. ఇంకేమైనా అంటుందేమో అని. ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 29

నెలాఖరు రిపోర్టు ఇచ్చాను. "ఫిల్టరు అతిక్రమణలు: అనువాదాల సైటు, సరిచేయడమైనది. ఇతరములు: లేవు."

ప్రిన్సిపల్ మేడమ్ సంతకం పెడుతూ, "మీరుండబట్టి సార్, నేను కడుపులో చల్ల కదలకుండా ఉన్నాను" అంది.

మార్చి 4

వంకాయ: ఎవరికీ చెప్పకండే. అమ్మ నాకో ఫోన్ పంపింది, బటన్ వాళ్ళింటి అడ్రసుకి. కుట్టుమిషన్ డ్రాయర్లో దారపు ఉండల కింద పెట్టా. నాన్న దాని జోలికి పోడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పరీక్షలు రెండు వారాల్లో పెట్టుకుని. తల్లీకూతుళ్ళు ఒకటై. నాకు తెలియకుండా నా ఇంట్లోకి ఒక ఫోను.

మార్చి 5

చూడను. చూస్తే, నీకెలా తెలిసింది అంటుంది. ఏం చెప్పను.

మార్చి 6

చూడలేదు.

మార్చి 7

అడిగితే సరిపోతుంది కదా. "చిట్టీ, నీ దగ్గర ఇంకో ఫోనుందా?" అని మామూలుగా. భోజనాల దగ్గర రెండుసార్లు నోటిదాకా వచ్చింది. నీళ్ళు తాగాను.

పచ్చదారం నలిగిపోయింది, పోగులు పోగులుగా ఊడుతోంది. కొత్త ముక్క కావాలి.

మార్చి 8

తలనొప్పని చెప్పి మూడో పీరియడ్లోనే ఇంటికొచ్చేశాను. దారం కోసం డ్రాయరు తీశాను. దారం కోసమే తీశాను. మొదట్నుంచీ అక్కడే తీసుకుంటున్నాను కదా, ఇవాళ కొత్తేముంది.

ఉండలన్నీ ఒక్కొక్కటే తీసి మిషన్ మీద వరసగా పెట్టాను. ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు, పచ్చ. అడుగున ఫోన్ లేదు. మడతపెట్టిన నోటుపుస్తకం కాగితం ఉంది.

"నాన్నా, నువ్వు ఇది తెరవవని పందెం కాశాను. ఓడిపోతే నేనే అమ్మ దగ్గరికి వెళ్ళిపోతానని అమ్మకి చెప్పాను."

అంతే ఉంది. కింద పేరు కూడా లేదు.

మళ్ళీ మడిచి, అడుగున పెట్టి, ఉండలన్నీ ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే సర్దాను. అలాంటివి నాకు బాగా వచ్చు. డ్రాయరు మూశాను. దారం తీసుకోవడం మర్చిపోయాను.

మార్చి 9, శనివారం

స్కూలుకి సెలవు. ల్యాబు తాళాలు నా దగ్గరే ఉంటాయి, వెళ్ళాను.

నాలుగో నంబరు మిషన్లో పిల్లల ఖాతాతో ఆ పేజీ తెరిచాను. పక్కన ఐదో దాన్లో, నేను రోజూ తెరిచే పద్ధతిలో తెరిచాను. నాలుగో దాని తెర మీద, పైన, పిల్లల రంగుల చుక్కలు వచ్చే వరసలో, ఒక బూడిదరంగు చుక్క వచ్చి కూర్చుంది. వేలు పెడితే "అతిథి" అని పేరు. ఐదో దాన్ని మూశాను, చుక్క పోయింది. తెరిచాను, వచ్చింది. నా తెర మీద మాత్రం ఆ చుక్క కనబడదు. ఎవరి చుక్క వాళ్ళకి చూపించదు.

పదేళ్ళుగా ల్యాబు నడుపుతున్నాను. ఇది చూసుకోలేదు.

మొదటి రోజు నుంచీ ప్రతి ఆఖరి పీరియడ్లో నేను వాళ్ళ మధ్య కూర్చునే ఉన్నాను. వాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఆ చుక్క ఎవరో తేల్చడానికే ఈ ఫోను కథ. ఎవడో అనుంటాడు మీ నాన్నే అని, అమ్మాయి కాదనుంటుంది.

అయితే ఆ మాట. మాటిస్తే నిలబడతాడు అన్నది. అది వాళ్ళకి రాసిందా, నాకు రాసిందా?

గుడ్ల సంగతి?

మార్చి 11

ఆ పేజీ మూసేశాను. ప్రిన్సిపల్ మేడమ్ దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. రాయకుండా ఎందుకు, ఒళ్ళు మండి చెప్పాను. వెధవలు నాకే వల వేస్తారా అని.

"ఎన్నాళ్ళ నుంచి సార్ ఇది?"

"నిన్ననే కనిపెట్టాను మేడమ్."

నిన్న ఆదివారం. ఆవిడకి తట్టలేదు.

"లిస్టులో మీ అమ్మాయి కూడా ఉంది" అంది కాగితం చూసి.

"ఉంది మేడమ్. రూలు రూలే."

ఆవిడ కాగితం పక్కన పెట్టి, "మీలాంటివాళ్ళు అరుదు సార్" అంది.

మార్చి 13

పొద్దున ప్రార్థన దగ్గర ఆరువందల మంది ముందు నన్ను పైకి పిలిచారు. కన్నకూతురని కూడా చూడకుండా క్రమశిక్షణ నిలబెట్టిన మనిషి అన్నారు. చప్పట్లు కొట్టించారు. పదో తరగతి వరస నుంచి చప్పుడు రాలేదు. అమ్మాయి మూడో వరసలో నిలబడి నన్నే చూస్తోంది. కోపంగా చూసినా బాగుండేది. ఏదో వినడానికి ఎదురుచూస్తున్నట్టు చూసింది.

సాయంత్రం హెచ్చరిక ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. "తల్లిదండ్రుల సంతకం కావాలట." పైన పంపినవారు, ల్యాబ్ ఇన్‌ఛార్జ్, నా సంతకం. కింద అందుకున్నవారు, తండ్రి. అక్కడా నాదే పెట్టాను.

"ఇంకేమైనా చెబుతావా నాన్నా?" అంది.

"పరీక్షలు దగ్గరపడ్డాయి, చదువుకో" అన్నాను.

మార్చి 16

దారం ఉన్నచోటే ఉంది. పాతదే, నలిగినదే.

అది డ్రాయరు చూసుకోలేదనుకుంటాను. చూసుకుంటే అడిగేది. ఒకవేళ చూసుకున్నా, చీటీ ఉన్నచోటే ఉంది కాబట్టి తెరవలేదనే అనుకునుంటుంది. పందెం నెగ్గాననే అనుకునుంటుంది. అలా అయితే ఏ గొడవా లేదు.

మార్చి 18

మొదటి పరీక్ష. స్కూటర్ మీద దింపాను. "బాగా రాయి" అన్నాను. "ఊఁ" అంది.

మార్చి 20

పదో తరగతి ఇప్పుడు ఎక్కడ మాట్లాడుకుంటోందో తెలియడం లేదు. అన్ని లెక్కలూ వెతికాను. ఎక్కడో మాట్లాడుకుంటూనే ఉంటారు. అద్దాల గదిలో ఆఖరి పీరియడ్ గడవడం లేదు.

మార్చి 22

గైడు తెరిచి చదువుకుంటోంది. రేపు లెక్కల పరీక్ష. గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు చెప్పేద్దామనుకున్నాను.

"ఏంటి నాన్నా?" అంది పుస్తకం మూసి. వెంటనే మూసేసింది, పెన్ను కూడా పక్కన పెట్టేసింది.

"టీ పెట్టనా?"

"వద్దులే" అంది.

పరీక్ష ముందు రోజు పిల్ల మనసు పాడుచెయ్యడం దేనికి.

మార్చి 28

ఆఖరి పరీక్ష అయిపోయింది. నేను వచ్చేసరికి మంచం మీద బట్టలు మడతపెట్టుకుంటోంది. పక్కన వాళ్ళమ్మ పెద్ద సంచి.

"ఎక్కడికి?" అన్నాను.

"డ్రాయరు తీశావా నాన్నా?"

"ఏ డ్రాయరు?"

"కుట్టుమిషన్‌ది."

"ఆఁ, తీశాను. దారం కోసం."

"చీటీ చూశావా?"

"ఏ చీటీ?" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నోరు దానంతటదే అనేసింది.

అది చేతిలో లంగా మడత పూర్తిచేసి సంచిలో పెట్టింది. "నేను మూడు మడతలు పెట్టాను. ఆ రోజు సాయంత్రమే చూశా, నాలుగున్నాయి. ఇరవై రోజులైంది."

నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను.

"వాళ్ళ దగ్గర ఓడిపోయాను, పోనీ. నువ్వు వచ్చి చెబుతావనుకున్నా. చూశాను చిట్టీ, తప్పయిపోయింది అని. అంతే చాలనుకున్నా. అమ్మని రమ్మందామనుకున్నా. రోజూ అడుగుతోంది ఏమైందే అని, రోజూ రేపు చెబుతానంటున్నా." ఇంకో లంగా తీసి మడత మొదలుపెట్టింది. ఏడవలేదు. "నువ్వేమో వెళ్ళి అందర్నీ పట్టించావ్. చప్పట్లు కొట్టించుకున్నావ్. బటన్ నాతో మాట్లాడ్డం లేదు."

"నీ మంచికే..."

"నీకు దారం ఎందుకు నాన్నా?"

నాకు అర్థంకాలేదు ముందు.

"దారం కోసం తీశానన్నావ్ కదా. నీ చొక్కా గుండీ ఊడితే కూడా నేనే కుట్టాలి. నీకు దారంతో పనేంటి?"

నా టేబుల్ వైపు చూడకుండా ఉండాలనుకున్నాను, కళ్ళు అటే వెళ్ళాయి. అది కూడా అటు చూసింది. డైరీ, అట్ట అంచులోంచి బయటికి వేలాడుతున్న పచ్చటి కొస.

"నా కోసమా అది?" అంది.

వెళ్ళి ఆ కొసని లోపలికి తోశాను.

"రోజూ గంటసేపు నేనొక్కదాన్నే ఉంటా ఇంట్లో. అది అక్కడే ఉంటుంది. నీ మనసులో ఏముందో చూద్దామని నాకు మాత్రం ఉండదా? ఒక్కసారి కూడా ముట్టుకోలేదు."

సంచి జిప్పు వేసుకుంది.

మార్చి 29

పొద్దున బస్సెక్కించాను. సంచి నేనే పట్టుకున్నాను. కిటికీ పక్కన సీటు దొరికింది. "చేరాక ఫోన్ చెయ్యి" అన్నాను. "అమ్మ చేస్తుందిలే" అంది. బస్సు కదిలాక ఒకసారి చెయ్యి ఊపింది. నాకే ఊపిందనుకుంటాను, పక్కన ఇంకెవరూ లేరు.

ఇంటికొచ్చి డైరీ మొదటి పేజీ నుంచి చదివాను. ఎన్నిసార్లు రాశానో, దారం ఉన్నచోటే ఉంది, దారం ఉన్నచోటే ఉంది. ప్రతిసారీ బాగా దాచుకున్నానని మురిసిపోతూ రాశాను. అమ్మాయి ఇది చదివుంటే బాగుండేది. ఫిబ్రవరి 23న కళ్ళజోడు తుడుచుకున్నానని దానికి తెలిసేది. నోటితో చెప్పలేనివన్నీ ఇక్కడే ఉన్నాయి, దానికి పది అడుగుల దూరంలో, ఏ తాళమూ లేకుండా. ఒక్క రోజైనా తొంగిచూసుంటే నేను బతికిపోయేవాణ్ణి. అది నా కూతురే గానీ, నాలాంటిది కాదు.

ఇవాళ్టి నుంచి దారం పెట్టడం లేదు. ఇంట్లో ఎవరూ లేరు.